తప్పుడు జ్ఞాపకాల పరీక్ష: ఒక్క స్కోరు చాలదు

మద్యంతో మతిమరుపు వచ్చినవాళ్ల తప్పుడు జ్ఞాపకాలని పదాల జాబితాతో పరీక్షించడాన్ని మెచ్చుకున్న ఒక వ్యాసం చదివాను. వాళ్లు కట్టుకథలు చెబుతారని అందులో తేల్చేయడం బాధ కలిగించింది. కోర్సకాఫ్ సిండ్రోమ్‌లో, అంటే ఎక్కువగా తాగుడు వల్ల విటమిన్ బి1 లోపించి వచ్చే తీవ్రమైన మతిమరుపులో, రోగి జ్ఞాపకంలోని ఖాళీని పాత జ్ఞాపకంతో పూడ్చుకుని, దాన్నే నిజమని నమ్ముతాడు. పది రోజులుగా వార్డులోనే ఉన్న మనిషి 'పొద్దున్నే ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లొచ్చాను' అంటే, ఒకప్పుడు రోజూ వెళ్లేవాడా అని ఇంటివాళ్లని అడగాలి.

తాగుడు మానిన తొలి రోజుల్లో వణుకు, గందరగోళం, మందుల మగత ఉంటాయి. పరీక్షకు కొన్ని వారాలు ఆగాలి. థయమిన్ (విటమిన్ బి1) ఇంజెక్షన్లు మాత్రం ఆపకూడదు.

వ్యాసం మెచ్చుకున్న పదాల జాబితా పరీక్షలో మంచం, దిండు, దుప్పటి, కునుకు, ఆవలింత లాంటివి వినిపించి, తర్వాత జాబితాలో లేని 'నిద్ర' విన్నారా అని అడుగుతారు. చిక్కంతా ఇక్కడే. మతిమరుపు తీవ్రంగా ఉంటే జాబితా సారం కూడా మనసులో నిలవదు. అందుకే ఒక్కసారి వినిపిస్తే ఆరోగ్యవంతుల కంటే తక్కువగానే 'నిద్ర'కి అవునంటారు. అదే జాబితా మళ్లీ మళ్లీ వినిపిస్తే కోర్సకాఫ్ రోగుల్లో ఆ తప్పు పెరుగుతుందని 1990ల్లోనే తేలింది. కాబట్టి తక్కువ స్కోరు చూసి జ్ఞాపకం బాగుందనుకోవద్దు. 'కొబ్బరి', 'రైలు' వంటి సంబంధం లేని పదాలకీ ఎన్నిసార్లు అవునన్నారో లెక్కగట్టి, దాన్ని 'నిద్ర' లాంటి పదాల స్కోరులోంచి తీసేయాలి. ఇంగ్లిష్ జాబితాని అనువదిస్తే పదాల మధ్య బంధం పలచబడుతుంది. ముందు తెలుగువాళ్ల మీదే జాబితాని సరిచూడాలి.

రోగిని ప్రశ్నలు అడిగేటప్పుడు 'నిన్న మీ అబ్బాయి వచ్చాడు కదా' అని జవాబు అందించొద్దు, 'నిన్న ఎవరైనా వచ్చారా' అనండి. 'తెలీదు' అనొచ్చని ముందే చెప్పండి. జవాబు వాళ్ల మాటల్లోనే రాసుకుని, వార్డు రిజిస్టర్‌తో పోల్చండి.