కాలం ఆగిన చోట సార్డిన్లు మాడుతున్నాయి

మరో వీడియో చూశాను. పోర్చుగల్ పల్లెలో వేసవి తిరునాళ్ళట. పదకొండు నిమిషాల్లో "కాలం ఆగిపోయిన పల్లె" అని ఏడుసార్లు అన్నాడు మన తెలుగు కుర్రాడు. నేను లెక్కపెట్టాను.

కాలం ఆగడమంటే సామాన్యమైన వార్త కాదు కాబట్టి, ఏ నెలలో ఆగిందో విచారిద్దాం. ఆగస్టులో. ట్రాస్-ఒస్-మోంతెస్ కొండసీమలో ఊళ్ళు నిండేది అప్పుడే. ఫ్రాన్స్, స్విట్జర్లాండ్, లక్సెంబర్గ్ నంబరు ప్లేట్ల కార్లు ఇరుకు సందులో ఎదురెదురుపడి, ఎవరు వెనక్కి తీయాలో తేలక హారన్లు కొట్టుకునే ప్రశాంతత అది. ఆ ప్లేట్లను కెమెరా ఎంత నేర్పుగా తప్పించుకుందో!

ఇక అసలు ఘట్టం. మనవాడికి "అచ్చమైన పల్లెటూరి మనిషి" కావాలి. దొరికాడు. గడ్డి టోపీ, బొగ్గుల పొయ్యి, దాని మీద సార్డిన్లు. పొగ వెలుతురులో పడేలా మళ్ళీ తిప్పమన్నాడు. తిప్పాడు. ఇంకోసారి, మెల్లగా. తిప్పాడు. చేప కొవ్వు బొగ్గుల్లో పడి మంట లేచింది, తోకలు మాడాయి. వెనకాల రొట్టెముక్కలు పట్టుకుని జనం బారులు తీరి ఉన్నారు. అప్పుడడిగాడు: "ఎన్ని తరాలుగా ఇలా కాలుస్తున్నారు?" ఆ మనిషి విసుగ్గా ఏదో అన్నాడు. తెరమీద అక్షరాలు: "కొండల ప్రాచీన మాండలికంలో ఆశీర్వదిస్తున్నారు." అయ్యా, అది ఫ్రెంచి. "జరుగు, జనం ఆగారు" అన్నాడు. ఆయన పారిస్ శివార్లలో తాపీమేస్త్రీ అని పక్కనే ఎవరో చెబుతూనే ఉన్నారు. ఆ ప్రాచీన మాండలికం పారిస్ మెట్రోలో కూడా బాగానే చెల్లుతుంది.

సంగీతం సంగతి క్లుప్తంగా. మధ్యాహ్నం మేరీమాత ఊరేగింపులో కళ్ళొత్తుకున్న మామ్మలే, రాత్రి కీబోర్డు మీద పింబా పాటలు మోగితే ఒకరినొకరు పట్టుకుని ఆడతారు. అవి పచ్చి ద్వంద్వార్థాల పాటలు. మనవాడు దాన్ని "ఆత్మను తాకే జానపదం" అన్నాడు. తాకేది ఆత్మను కాదు నాయనా.

చివర్లో బాణసంచా లేదని నిరాశపడ్డాడు. అడవి మంటల హెచ్చరిక ఉంటే అక్కడ రాకెట్లు నిషేధం. 2017 జూన్‌లో మధ్య పోర్చుగల్‌లోని పెద్రోగావ్ గ్రాండ్ మంటల్లో 66 మంది పోయారు. దున్నేవాళ్ళు వెళ్ళిపోయిన పొలాల్లో పెరిగిన పొదలు ఎండితే ఏమవుతుందో అక్కడ ప్రతి ముసలమ్మకీ తెలుసు.

కాలం ఆగిందట! నియంత సలజార్ ఏలుబడిలో, 1960లలో, ఆకలికీ పోర్చుగల్ చేస్తున్న ఆఫ్రికా యుద్ధాలకీ భయపడి మగాళ్ళు రాత్రిపూట దొంగదారిన ఫ్రాన్స్ సరిహద్దులోని పిరనీస్ కొండలు దాటారు. ఫొటో రెండుగా చింపి ఒక సగం ఇంట్లో వదిలి, రెండో సగం జేబులో పెట్టుకునేవారు. ఆ సగం ఫ్రాన్స్ నుంచి తిరిగొస్తే మనిషి బతికి చేరినట్టు, దాటించినవాడికి అప్పుడు డబ్బు. చేరింది ఎక్కడికి? పారిస్ పక్కనున్న షాంపిన్యీ బురదలో రేకుల గుడిసెల్లోకి. ఆ గుడిసెల్లో ఉన్నవాళ్ళ కూలి డబ్బుతో ఈ పల్లెల్లో ఇళ్ళు లేచాయి. పిల్లలు 21 మంది కూడా లేని బడులు మూసేయాలని 2010లో పోర్చుగల్ ప్రభుత్వమే తీర్మానించింది. ఇంత జరిగాక ఒకడొచ్చి, కెమెరా ఎత్తి, ఇక్కడేమీ జరగలేదంటాడు. సిగ్గుండాలి.

వీడియో చివర సలహా కూడా ఇచ్చాడు: "రద్దీ నచ్చనివాళ్ళు నవంబరులో వెళ్ళండి." వెళ్ళండి. సార్డిన్ ఎవరు కాలుస్తున్నారో చూసి నాకూ చెప్పండి.