బట్టతలకు గుంపు మేస్త్రీ కావలెను

పాలమూరు కూలీ చెయ్యి పడని ప్రాజెక్టు దేశంలో లేదంటారు. అలాంటి జిల్లాలో ఒక్క బట్టతల కూడా పునర్నిర్మాణానికి నోచుకోలేదంటే అందరం సిగ్గుపడాల్సిందే. లోటు నిధులది కాదు, కూలీలను పోగేసి పనిలోకి దింపే గుంపు మేస్త్రీది.

వెంట్రుక కుదురు అడుగున డెర్మల్ పాపిల్లా అని చిన్న కణాల ముద్ద ఉంటుంది. అది తట్ట మోయదు, ఇటుక పెట్టదు. చుట్టూ ఉన్న కణాలను పనికి లేపడమే దాని ఉద్యోగం. కూలీలకైతే కొదవలేదు. బోసిపోయిన నెత్తిలోనూ మూలకణాలు (స్టెమ్‌సెల్స్) అలాగే ఉన్నాయని, వాటి నుంచి పుట్టి పనిలోకి దిగాల్సిన కణాలే తగ్గిపోయాయని 2011లోనే తేలింది. అడ్డా మీద జనం నిండుగా ఉన్నారు, పని మాత్రం మొదలు కావట్లేదు.

సరే, మేస్త్రీలనే పెంచుదామని ఆ పాపిల్లా కణాలను తీసి ల్యాబు పళ్ళెంలో వేశారు. అవి అడుగున చాపలా పరుచుకుని, కడుపునిండా తిని, సంఖ్యలో పెరిగి, పని మరిచిపోయాయి. (రోజుకూలీ పోయి నెలజీతం వస్తే ఎవరైనా అంతేనేమో.) 2013లో కొలంబియా, డర్హం విశ్వవిద్యాలయాల వాళ్ళు ఒక ఉపాయం చేశారు. పళ్ళెం మూతకు కణాలున్న ద్రవాన్ని చుక్కలుగా పెట్టి, మూతను బోర్లించారు. చూరుకు వేలాడే వానచుక్కలాంటి ఆ చుక్కలో కణాలు కిందికి జారి ముద్దకట్టాయి. గుంపు కట్టాక పని గుర్తొచ్చింది! మామూలుగా జుట్టు రాని మనిషి చర్మపు ముక్కలో ఆ ముద్దలు పెట్టి ఎలుకల వీపున అతికిస్తే, ఏడుగురు దాతల్లో ఐదుగురి కణాలు వెంట్రుకలు మొలిపించాయి. అయితే కుదురులో ఉన్నప్పటి జన్యువుల పనితీరులో తిరిగొచ్చింది 22 శాతమే. ఇక రంగు, వంపు, ఏ కోణంలో బయటికి రావాలన్నది వేరే పంచాయితీ. ఎలుక వీపు చూపించి పెళ్ళిచూపులు కానివ్వలేం కదా.

మన పట్టణాల్లో ఇవన్నీ ఎప్పుడో పరిష్కారమయ్యాయి. ఫ్లెక్సీ మీద 'స్టెమ్‌సెల్ వైద్యం' అని ఉంటుంది. లోపల పది ఇరవై మిల్లీలీటర్ల నెత్తురు తీసి, సెంట్రిఫ్యూజ్‌లో గిర్రున తిప్పి, పైన తేలిన పసుపుపచ్చ ప్లాస్మాను గంటలోపు నెత్తికి గుచ్చుతారు. దాని అసలు పేరు పీఆర్‌పీ, అంటే ప్లేట్‌లెట్లు దండిగా ఉన్న ప్లాస్మా. అందులో ఉన్నవి ప్లేట్‌లెట్లు. వాటికి కేంద్రకమే లేదు, ఇక సంతానయోగం ఎక్కడిది? సన్నబడినా ప్రాణమున్న కుదుళ్ళకు కొంత ఊతమిస్తాయి, నున్నగా మెరిసే నడినెత్తికి ఇవ్వలేవు. మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి 2018లో చెదల మందు సెలైన్‌లా ఎక్కించారు కదా, మాకూ అలాగే అంటారేమో. మర్రికి కింద వేళ్ళున్నాయి.

గుంపు మేస్త్రీ అయితే కూలీకి బయానా ఇస్తాడు. ఇక్కడ బయానా మనమే కట్టాలి. కట్టేముందు మూడు మాటలు అడగండి: అవి ఏ కణాలు, ఏ ల్యాబులో ఎన్ని వారాలు పెంచారు, సీటీఆర్‌ఐ (మనుషుల మీద జరిపే ట్రయళ్ళను నమోదు చేసే సర్కారీ పట్టిక) నంబరెంత. పొద్దున తీసి మధ్యాహ్నం ఎక్కిస్తే పెంచిందేమీ లేదు. కేంద్రం తెచ్చిన 2019 నిబంధనల్లో మూలకణాల ఉత్పత్తి కొత్త మందు కిందికే వస్తుంది, ట్రయల్ దాటకుండా అమ్మడానికి లేదు. ట్రయలే అంటే రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. 'ట్రయలే సార్' అంటూ బిల్లు కూడా చేతిలో పెట్టారా, నెత్తి కప్పే ఏర్పాటు అయిపోయినట్టే: టోపీ పెట్టేశారు.