ఇంటి వెనక లక్ష ప్రతులు

'వ్రాతప్రతులు భద్రం.' లాస్ ఏంజెలెస్‌లో మంటలు ఇంకా ఆరనే లేదు, సంగీత లోకం ఈ రెండు ముక్కలు పట్టుకుని హమ్మయ్య అనుకుంది. ఆధునిక స్వరకర్త అర్నాల్డ్ షోన్‌బెర్గ్ స్వహస్తంతో రాసిన కాగితాలు వియన్నాలో క్షేమంగా ఉన్నాయి, నిజమే. 2025 జనవరి 7న లాస్ ఏంజెలెస్‌లోని పసిఫిక్ పాలిసేడ్స్‌లో కాలిపోయింది ఆయన కుమారుడి ఇల్లు, ఆ ఇంటి వెనకనున్న, ఆయన సంగీతాన్ని ప్రచురించే బెల్మాంట్ మ్యూజిక్ పబ్లిషర్స్ భవనం. అందులో సుమారు లక్ష స్కోర్లు (వాద్యాలన్నీ కలిపి రాసిన పుస్తకాలు), పార్టులు (ఒక్కో వాద్యకారుడికి తన వంతు మాత్రమే రాసి ఇచ్చేవి). అమ్మకానికి ఉంచినవీ, అద్దెకు తిరిగేవీ మొత్తం సరుకు పోయిందని ఆ సంస్థే ప్రకటించింది. 'పోయినవి నకళ్లే కదా' అని పెద్దమనుషులు చప్పరించేయడం మాకు ఒళ్లు మండిస్తోంది. వేదిక మీద కూర్చున్న వాద్యకారుడికి ఆ నకలే అసలు.

మనుషులు పోయిన చోట, వేల కుటుంబాలు వీధిన పడ్డ చోట కాగితాల గోల ఏమిటని అడిగేవారుంటారు. న్యాయమైన ప్రశ్నే. కానీ మేము నిలదీస్తున్నది ఇల్లు పోగొట్టుకున్న ఆ కుటుంబాన్ని కాదు. ఒక స్వరకర్త జీవితకాలపు కృషిని వాయించదగ్గ రూపంలో ఉంచే భారమంతా ఒక పెరటి గది మీద వదిలేసి, ఏళ్ల తరబడి నిశ్చింతగా కూర్చున్నవారిని.

షోన్‌బెర్గ్ చేసిన ప్రయోగం మన పాఠకులకు చెప్పడం తేలిక. మనకున్నవే 12 స్వరస్థానాలు. వాటిలో ఏ ఒక్కటీ ఆధార షడ్జమం కాకూడదన్నాడాయన. పన్నెండింటినీ ఒక వరుసలో పేర్చాడు. ఆ వరుసను వెనక నుంచి ముందుకు, తలకిందులుగా, తలకిందులను మళ్లీ వెనక నుంచి, ఇలా నాలుగు రూపాల్లో తిప్పి, ఒక్కో రూపాన్ని 12 స్థాయిల్లో పెడితే 48 వరుసలు. ఆ పట్టికలోంచే కృతి మొత్తం అల్లుతాడు. ఇప్పుడు పార్టులో ఒక స్వరం తప్పు అచ్చయిందనుకోండి. శంకరాభరణంలో అపస్వరం పడితే మూడో వరసలో కూర్చున్న తాతగారు తల అడ్డంగా ఊపుతారు. షోన్‌బెర్గ్ కృతిలో అలా పట్టుకోవడం ఆర్కెస్ట్రాను నడిపించే కండక్టర్లకే కష్టం. చెవికి ఆధారం లేదు కాబట్టి చేతిలో పట్టిక పెట్టుకుని లెక్క చూడాలి. అందులోనూ ఒక చిక్కుంది. స్వరకర్తే అక్కడక్కడ కావాలని వరుస తప్పేవాడు. అది ఆయన ఇష్టమా, నకలు రాసినవాడి పొరపాటా తేల్చాలంటే చిత్తుప్రతి దాకా వెళ్లాలి. ఇలా ఒక్కో బార్ (తాళపు గడి) దగ్గర ఆగి, సరిచూసి, దిద్దిన అచ్చుప్రతి విలువ కాగితం ఖరీదుతో కొలిచేది కాదు.

వ్రాతప్రతి ఉంది కదా, దాని నుంచి మళ్లీ పార్టులు తీసుకోవచ్చు కదా అంటున్నవారు ఒక్క పార్టును దగ్గర నుంచి చూసినవారు కారు. వయొలిన్ పార్టులో కుడి పుట అడుగున విరామం రావాలి, లేకపోతే పుట తిప్పడానికి చెయ్యి ఖాళీ ఉండదు. ఆ ఒక్క కారణానికే పుట మొత్తాన్ని కూర్చి, చెరిపి, మళ్లీ కూర్చాల్సి వస్తుంది. నలభై బార్లు ఊరకే కూర్చున్న ట్రాంబోన్ వాద్యకారుడు సరిగ్గా తన వంతుకు అందుకోవాలంటే, అంతకు ముందు క్లారినెట్ వాయించే నాలుగు స్వరాలు చిన్న అక్షరాల్లో అతని పార్టులో వేయాలి. షోన్‌బెర్గ్ కృతి 'పియరో లూనేర్'లో అయిదుగురు వాద్యకారులు ఎనిమిది వాద్యాలు వాయిస్తారు. ఫ్లూట్ దించి పికోలో అందుకోవడానికి ఎన్ని క్షణాలు ఉన్నాయో పార్టే ముందుగా హెచ్చరించాలి. షోన్‌బెర్గ్ తన స్కోర్లలో ప్రధాన గళానికి హెచ్, దాని తర్వాతి గళానికి ఎన్ అని ప్రత్యేక గుర్తులు పెట్టాడు. నకలు తీసేటప్పుడు ఆ గుర్తు జారిపోతే, ముందుకు రావాల్సిన వయోలా ఒదిగి కూర్చుంటుంది, వెనక ఉండాల్సిన హార్న్ మోగిపోతుంది. స్వరాలన్నీ సరిగ్గానే ఉంటాయి, సంగీతం మాత్రం ఉండదు.

ఇక లెక్క. పెద్ద ఆర్కెస్ట్రాలో మొదటి వయొలిన్లు 16, రెండోవి 14, వయోలాలు 12, చెల్లోలు 10, బేస్‌లు 8. ఇద్దరికో స్టాండు చొప్పున తంత్రీవాద్యాలకే 30 పుస్తకాలు. ఊదే వాద్యాలకూ, కొట్టే వాద్యాలకూ మనిషికొకటి. ఒక్క కృతికి ఒక్క సెట్టే అరవైకి చేరుతుంది. కచేరీకి వారాల ముందు పెట్టె వస్తుంది. లైబ్రేరియన్ విల్లు ఎటు లాగాలో పెన్సిల్‌తో గుర్తులు పెడతాడు. కచేరీ అయ్యాక చెరిపి, లెక్క చూసి, పెట్టె కట్టి వెనక్కి పంపుతాడు. అద్దె వ్యవస్థ అంటే ఇదే. ఆర్కెస్ట్రా దగ్గర ఏమీ మిగలదు. పెట్టె ఎక్కడి నుంచి వచ్చిందో అక్కడికే పోతుంది. ఒకే చోటికి.

ఆ ఒకే చోటు ఏమిటో ఎవరూ అడగలేదు. ఇదీ మా అభ్యంతరం. 2024 సెప్టెంబర్ 13కు షోన్‌బెర్గ్ పుట్టి 150 ఏళ్లు. ఆ ఏడాది పొడవునా ఉత్సవాలు, సదస్సులు, ప్రదర్శనలు, పూలదండల్లాంటి ప్రసంగాలు. అవి ముగిసీ ముగియకముందే ఈ మంటలు. ఆధునిక సంగీతానికి ఆయనే మూలపురుషుడని వేదికల మీద చెప్పినవారిలో ఒక్కరైనా, ఈ పార్టులకు రెండో సెట్టు ఇంకో ఊళ్లో ఉందా అని అడిగారా? కార్చిచ్చు ముప్పు ఉన్న కొండవాలు మీద, ఒక ఇంటి వెనక, లక్ష ప్రతులు! తమ గ్రాండ్ పియానోకు బీమా కట్టకుండా ఒక్కరోజు ఉంచని సంస్థలు, దాని మీద పెట్టే కాగితం ఎక్కడ పడుకుంటోందో పట్టించుకోలేదు. కొన్ని తొలి కృతుల పార్టులు వియన్నాలోని యూనివర్సల్ ఎడిషన్ అనే ప్రచురణ సంస్థ దగ్గర ఉన్నాయని గుర్తు చేసేవారికి మా జవాబు: అది అదృష్టం. దాన్ని ఏర్పాటు అనకండి.

ఈ స్వరకర్త విషయంలో ఈ రెండు నాల్కల ధోరణి కొత్తది కాదు. 1933లో నాజీలు బెర్లిన్ అకాడమీ నుంచి వెళ్లగొడితే అమెరికా చేరాడు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పి 70 ఏళ్లకు దిగిపోతే చేతికొచ్చిన పింఛను నెలకు 40 డాలర్లు కూడా లేదు. 'మోజెస్ ఉండ్ ఆరోన్' ఒపెరా పూర్తి చేసుకోవడానికి సాయం చేయమని 1945లో గుగెన్‌హైమ్ ఫౌండేషన్‌ను అడిగితే కాదన్నారు. మూడో అంకానికి సంగీతం ఈనాటికీ లేదు. 1951లో ఆయన పోయాక, ఆ కాగితాల కోసమే దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఒక భవనం కట్టి 1977లో తెరిచారు. ఆ భవనాన్ని ఆయన పనికే వాడాలా, ఇతర తరగతులకూ వాడొచ్చా అనే తగవు కోర్టుకెక్కింది. 1998లో మొత్తం సంపద సముద్రం దాటి వియన్నా చేరింది. సుమారు 20 వేల పుటలు, వేల ఫొటోలు, స్వరవరుసలు తిప్పి చూసుకోవడానికి ఆయనే కత్తిరించి అతికించిన అట్టముక్కల పరికరాలు. నలుగురు ఆడే చదరంగం కూడా ఆయన చేసినదే, అదీ అక్కడే ఉంది. 2011లో యునెస్కో ఆ సంపదను ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చింది. చాలా సంతోషం. చూసే కాగితానికి యునెస్కో, వాయించే కాగితానికి పెరటి గది!

బెల్మాంట్‌ను 1965లో స్థాపించింది స్వరకర్త భార్య గెర్‌ట్రూడ్. షోన్‌బెర్గ్ అంటే అందమైన కొండ, బెల్మాంట్ ఫ్రెంచిలో అదే మాట. ఆరు దశాబ్దాలు ఒక కుటుంబం ఆ పని మోసింది. మోయవలసినవారు మోయనందుకే కుటుంబం మోసింది.

ఒకే చోట ఉంచితే ఏమవుతుందో తెలియక కాదు. న్యూయార్క్‌లో స్వరకర్త జూలియస్ ఈస్ట్‌మన్ ఉదంతం కళ్లముందే ఉంది. 1980ల మొదట్లో అద్దె ఇంటి నుంచి ఖాళీ చేయించినప్పుడు ఆయన స్కోర్లు సామాన్లతో పాటు పేవ్‌మెంట్ మీద పడ్డాయి. చాలావరకు మళ్లీ దొరకలేదు. 1990లో ఆయన చనిపోతే పత్రికలో ఆ వార్త రావడానికే ఎనిమిది నెలలు పట్టింది. 1998 నుంచి మేరీ జేన్ లీచ్ అనే స్వరకర్త ఊరూరా వాకబు చేసి, ఎవరి అరలోనో మిగిలిన ఒక స్కోరు, ఎవరి పెట్టెలోనో మిగిలిన ఒక టేపు పోగేస్తే 2005లో మూడు సీడీలు వెలువడ్డాయి. పది చెల్లోల కోసం ఆయన రాసిన కృతికి స్కోరే లేదు. రికార్డింగ్ వింటూ క్లారిస్ జెన్సన్ స్వరం స్వరం తిరిగి రాసుకోవాల్సి వచ్చింది. ఆ టేపు ఇంకో చోట ఉండబట్టి ఆ పాటి దక్కింది. ఇప్పుడు పెద్ద పెద్ద ఆర్కెస్ట్రాలు ఈస్ట్‌మన్‌ను నెత్తిన పెట్టుకుంటున్నాయి. ఆ స్కోర్లు రోడ్డున పడ్డనాడు ఒక్క అర ఇవ్వని లోకమే ఇది.

ఇకపై పూర్తిగా డిజిటల్ రూపంలో లేచి నిలబడాలన్నది మంటల తర్వాత బెల్మాంట్ చెప్పిన ఆశ. ఆ పని జరగాలి. కానీ డిజిటల్ అనగానే గండం గడిచిందనుకునేవారికి రెండు హెచ్చరికలు. కాగితం కోసం తయారైన అగ్నినిరోధక బీరువా, దాని గడువు ఉన్నంతసేపు, లోపలి వేడిని 177 డిగ్రీల సెల్సియస్ దాటనివ్వదు. కాగితం దానికి ఓర్చుకుంటుంది. హార్డ్ డిస్కుకు హద్దు 52 డిగ్రీలు. అదే బీరువాలో డిస్కు పెట్టి తాళం వేస్తే, మంట ఆరాక కాగితం బతికి డిస్కు చచ్చి ఉంటుంది. రెండోది, ఏ ఫైల్ అన్నది. స్వరలిపి అచ్చుకు మూడున్నర దశాబ్దాలు వాడిన ఫినాలే సాఫ్ట్‌వేర్‌కు ఇక కొత్త రూపాలు రావని దాన్ని నడిపే సంస్థ 2024 ఆగస్టులోనే చేతులెత్తేసింది. ఆ ఫైళ్లు మాత్రమే దాచుకున్నవాళ్లు కంప్యూటర్ మారిన రోజున తలుపు తెరుచుకోని ఇంటి ముందు నిలబడతారు. అందుకే ప్రతి పార్టూ మూడు రూపాల్లో ఉండాలి: అచ్చుకు పీడీఎఫ్, దిద్దుకోవడానికి వేర్వేరు స్వరలిపి సాఫ్ట్‌వేర్లలో తెరుచుకునే మ్యూజిక్ ఎక్స్ఎంఎల్, పెన్సిల్ గుర్తులతో సహా స్కాన్ చేసిన బొమ్మ. ప్రతులు మూడు, రెండు రకాల మాధ్యమాల మీద, కనీసం ఒకటి వేరే ఊళ్లో. ఫైల్ మారిందో లేదో పట్టిచ్చే చెక్‌సమ్ అనే లెక్కతో ఏడాదికోసారి సరిచూడాలి. ఒక్క బిట్ చెడినా ఫైల్ తెరుచుకునే దాకా ఎవరికీ తెలియదు.

ఖర్చంటారా? లెక్క వేద్దాం. పది అంగుళాలు పదమూడు అంగుళాల పుటను 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) నలుపు తెలుపుగా స్కాన్ చేస్తే, కుదించకుండా, 6 ఎంబీ లోపే. అలాంటివి 50 వేల పుటలు ఉన్నాయనుకున్నా 300 జీబీ కాదు. పెళ్లి వీడియో తీసే కుర్రాడి జేబులో అంతకంటే పెద్ద డిస్కు ఉంటుంది. స్కాన్ చేసే చేతులకు జీతం ఇవ్వాలి, అసలు ఖర్చు అదే. అది ఒక చిన్న ప్రచురణ సంస్థకు బరువే, అద్దె మీద బతికేవారికి ఫైళ్లు చేజారిపోతాయన్న భయమూ ఉంటుంది. అయితే ఆ బరువు పంచుకోవాల్సింది ఎవరు? ఆయన పేరుతో టిక్కెట్లు అమ్ముకున్నవారు. హక్కుల అడ్డంకి అన్నిచోట్లా లేదు కూడా. స్వరకర్త పోయి 60 ఏళ్లు దాటింది కాబట్టి మన దేశంలో ఈ కృతులు 2012 నుంచి అందరివీ. 70 ఏళ్ల గడువున్న ఐరోపాలో 2022 నుంచి. అమెరికాలో మాత్రం వెలువడి 95 ఏళ్లు నిండని కృతులకు ఇంకా హక్కులున్నాయి. అక్కడైనా హక్కుదారు ఒప్పుకుంటే మరో గ్రంథాలయంలో మూసిపెట్టిన ప్రతి ఉంచడానికి అడ్డేమీ లేదు.

మా భయమల్లా ఈ నష్టం ఆనవాయితీగా మారుతుందేమోనని. ఇవాళ 'వ్రాతప్రతి భద్రం కదా' అని సరిపెట్టుకుంటే, ఇదే అద్దె పద్ధతిలో ఒకే గిడ్డంగిలో ఉన్న ఇంకో స్వరకర్త పార్టులకు రేపు ఇదే మాట చెబుతారు. సంతాప సందేశాలు పంపిన ఆర్కెస్ట్రాలకు, కన్సర్వేటరీలనే సంగీత కళాశాలలకు ఒక పని చెబుతున్నాం. మీ లైబ్రేరియన్ గదిలోకి వెళ్లండి. పాత కచేరీల్లో ఫొటోకాపీ తీసి అరల్లో మరిచిపోయిన షోన్‌బెర్గ్ పార్టులేమైనా ఉంటే బయటికి తీసి ఆ సంస్థకు పంపండి. ఒప్పందం ప్రకారం ఆ కాపీ మీ దగ్గర ఉండకూడదని సిగ్గుపడకండి, ఇప్పుడు సిగ్గుపడాల్సింది దానికి కాదు. వచ్చే సీజన్ కరపత్రంలో ఆయన పేరు పెద్దక్షరాల్లో వేసేముందు పార్టులు ఎన్ని చోట్ల ఉన్నాయో కనుక్కోండి. ఒకే చోట అని జవాబు వస్తే, రెండో చోటికి డబ్బు మీరే ఇవ్వండి. ఇవ్వలేమంటే ఆ కరపత్రంలోంచి ఆయన పేరు తీసేయండి.