ఫ్రీజర్‌లో పెట్టకముందు ఆ పాలకు ఏం జరిగింది?

తల్లిపాల మీద పరిశోధన అనగానే నేను ముందుగా వెతికేది ఫలితాలను కాదు, పాలు పిండిన సమయానికీ ఫ్రీజర్‌లో పెట్టిన సమయానికీ మధ్య ఏం చేశారన్న వివరాన్ని. అది లేకపోతే మిగతాదంతా ఎంత గొప్పగా ఉన్నా నాకు నమ్మకం కుదరదు.

తల్లిపాలలో ఎక్సోసోములనే అతిసూక్ష్మమైన తిత్తులు ఉంటాయి. పరిమాణం సుమారు 30 నుంచి 150 నానోమీటర్లు. కణాలు వీటిని బయటికి వదులుతాయి. లోపల ప్రొటీన్లు, జన్యువుల పనిని అదుపుచేసే మైక్రో ఆర్‌ఎన్‌ఏలనే చిన్న అణువులు ఉంటాయి. ఇవి తల్లిపాలలో ఉన్నాయని 2007లో స్వీడన్ పరిశోధకులు వెల్లడించారు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల ప్రాణాలు తీసే పేగు వ్యాధి నుంచి ఇవి రక్షణ ఇవ్వగలవేమోనన్న ఆశను జంతువుల మీద చేసిన ప్రయోగాలు కలిగించాయి. ఇంత విలువైన విషయంలో అజాగ్రత్తను నేను సహించలేను.

ఎందుకంటే పాలలో బతికున్న కణాలు కూడా ఉంటాయి. పాలను ఉన్నవి ఉన్నట్టు చల్లబరిచినా, గడ్డకట్టించినా అవి చనిపోతాయి. వాటి నుంచి ఊడిన తునకలు అసలు తిత్తులతో కలిసిపోతాయి. 2014లో నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ బృందం ఈ సంగతి చెప్పింది. తాజా పాలను సెంట్రిఫ్యూజ్‌లో, అంటే వేగంగా తిప్పి పదార్థాలను వేరుచేసే యంత్రంలో తిప్పి, కణాలనూ మీగడనూ తీసేసి, మిగిలినదాన్ని మైనస్ 80 డిగ్రీల వద్ద దాచమంది. ఇది చాలదన్నట్టు పాలలోని కేసీన్ అనే ప్రొటీన్ రేణువులు కూడా ఇంచుమించు ఇదే పరిమాణంలో ఉంటాయి. కాంతి వెదజల్లడాన్ని బట్టి రేణువులను లెక్కించే యంత్రానికి ఏది ఏదో తెలియదు. రాళ్లు ఏరకుండా బియ్యం తూచి, ఇంత పంట పండిందని చెప్పుకోవడం ఇది.

హైదరాబాద్ నీలోఫర్ ఆసుపత్రిలో 2017 నుంచి తల్లిపాల బ్యాంకు ఉంది. ఇలాంటి బ్యాంకుల్లో పాలను 62.5 డిగ్రీల వద్ద 30 నిమిషాలు వేడిచేసి గడ్డకట్టిస్తారు. పసిపిల్లల భద్రతకు అది తప్పనిసరి, అందులో నాకు రెండో అభిప్రాయం లేదు. కానీ ఆ సీసా తెచ్చి, తల్లి రొమ్ములో తిత్తులు ఇలా ఉంటాయని రాస్తే ఒప్పుకోను. ఆ సీసా మీద హక్కు ఇంక్యుబేటర్‌లో ఉన్న బిడ్డది. పరిశోధనకు కావాలంటే తల్లి అనుమతితో, ఆమె బిడ్డ కడుపు నిండాక, కొన్ని మిల్లీలీటర్లు విడిగా అడగండి. బ్యాంకు పక్క గదిలోనే ఒక సెంట్రిఫ్యూజ్, దాన్ని నడపగల ఒక మనిషి, ఒక మంచి ఫ్రీజర్ ఉంటే మొదలుపెట్టవచ్చు. ఖరీదైన సూక్ష్మదర్శినులకు నిధులిచ్చేవారు ముందు ఈ గదికి ఇవ్వాలి.

పాల నమూనా దాచిన ప్రతి గొట్టం మీదా పిండిన సమయం, మీగడ తీసిన సమయం, ఎన్నిసార్లు కరిగిందన్న లెక్క రాసి ఉండాలి. అది లేని పరిశోధన పత్రాన్ని పత్రికల సంపాదకులు వెనక్కి పంపాలి.