నార్వేకు క్రైస్తవం తెచ్చింది ఓలాఫ్ ఒక్కడేనా?

పునీత ఓలాఫ్ గురించి తరచూ షేర్ అయ్యే కథ ఇది. పాత దేవుళ్లను కొలిచే నార్వేకు ఈ రాజు ఒక్కడే క్రీస్తును పరిచయం చేశాడట. అది గిట్టని అన్యమతస్థులు 1030 జులై 29న స్టిక్లెస్టాడ్‌లో ఆయన్ని చంపారట. వెంటనే పోప్ పునీతుడిగా ప్రకటించాడట. ఓలాఫ్ మీద నాకు గౌరవం ఉంది, కాబట్టే ఈ కథను ఒప్పుకోలేను.

"ఒక్కడే" అన్న మాట అసలు నిలవదు. ఇంగ్లండు రాజు ఏథెల్‌స్టన్ దగ్గర పెరిగిన హాకోన్, పదో శతాబ్దంలోనే క్రైస్తవుడిగా వచ్చి నార్వేను ఏలాడు. ఆ తర్వాత ఓలాఫ్ ట్రిగ్వాసన్ 995 నుంచి 1000 దాకా నయానా భయానా బాప్తిస్మాలు ఇప్పించాడు. 1015లో రాజైన మన ఓలాఫ్ చేసింది వేరు: ఇంగ్లండు నుంచి వచ్చిన బిషప్ గ్రిమ్‌కెల్‌తో కలిసి మోస్టర్ అనే చోట జరిగిన సభలో క్రైస్తవాన్ని చట్టంగా నిలబెట్టాడు. అది చిన్న పని కాదు.

ఇక చంపింది ఎవరు? 1028లో ఆయన్ని దేశం నుంచి తరిమిన క్నూట్, ఇంగ్లండును, డెన్మార్కును ఏలిన క్రైస్తవ రాజు. అంతకుముందు ఏడాదే రోమ్ యాత్ర చేసి వచ్చినవాడు. ఓలాఫ్ తిరిగి వచ్చినప్పుడు యుద్ధంలో ఎదురునిలిచిన కాల్ఫ్ ఆర్నసన్, టోరె హుండ్, హారెక్‌లు తమ పెత్తనానికి గండి పడిందని, అయినవాళ్లు చనిపోయారని కక్షగట్టిన పెద్దలు. రెండు వందల ఏళ్ల తర్వాత ఐస్‌లాండ్‌లో స్నోరి స్టుర్లుసన్ రాసిన గాథలో, ఓలాఫ్ మీదికి సైన్యాన్ని ఉసిగొల్పుతూ ప్రసంగించింది సిగుర్డ్ అనే బిషప్! బాప్తిస్మం లేనివాళ్లు ఓలాఫ్ సైన్యంలోనే ఉన్నారనీ, యుద్ధానికి ముందు కొందరు తీసుకున్నారనీ, కాదన్నవాళ్లను ఆయన వెనక్కి పంపేశాడనీ అదే గాథ చెబుతుంది. దీన్ని మతయుద్ధమని ఎలా అంటాం?

మూడోది, పోప్ మాట. 1031 ఆగస్టు 3న ఓలాఫ్‌ను పునీతుడిగా ప్రకటించింది గ్రిమ్‌కెల్. అప్పటికి నార్వేను ఏలుతున్న క్నూట్ కొడుకు స్వెయిన్, అతని తల్లి ఆల్ఫీవా వేసిన పన్నులతో జనం విసిగిపోయి ఉన్నారు. ఓలాఫ్ శవపేటిక తెరిస్తే శరీరం చెడలేదట. ఇసుకలో శవాలు త్వరగా కుళ్లవని ఆల్ఫీవా వాదించింది. బిషప్ గ్రిమ్‌కెల్ ఓలాఫ్ వెంట్రుకలను మంత్రించిన నిప్పుల మీద పెట్టినా కాలలేదని గాథ. మంత్రించని నిప్పులో వేసి చూడమని ఆమె పట్టుబడితే, ఐనార్ అనే పెద్ద ఆమెను నోరు మూసుకోమన్నాడు.