ద్రాక్షతో నారికేళపాకం

రాత్రి పదకొండున్నరకు ఫోను మోగింది. మా వయసువాళ్లకు ఆ వేళకు వచ్చే ఫోన్లు రెండే రకాలు. ఎవరైనా పుట్టి ఉండాలి, లేదా పోయి ఉండాలి. మంచం మీద లేచి కూర్చుని, చీకట్లో కళ్లద్దాలు తడుముకుంటూ "హలో" అన్నాను.

"ఒరేయ్, గోడ దగ్గర ఉన్నాను" అన్నాడు మా మిత్రుడు. గొంతు పూడుకుపోయి ఉంది.

కారు గోడకు గుద్దాడనుకున్నాను. "బండి సంగతి తర్వాత, నీకేమైనా దెబ్బలు తగిలాయా?" అని అడిగాను. మా ఆవిడ అప్పటికే లైటు వేసి, డబ్బు కోసం బీరువా తాళాలు వెతుకుతోంది.

"దెబ్బలేమిటి? రొమానే కాంటీ గోడరా! చేత్తో తాకుతున్నాను" అన్నాడు.

తెలియనివారి కోసం చెబుతున్నాను. ఫ్రాన్సులో బర్గండీ అనే సీమ ఉంది. అందులో వోన్ రొమానే అనే చిన్న ఊరు. ఆ ఊరి పైన వాలులో ఒక పొట్టి రాతి గోడ, పక్కనే ఒక రాతి శిలువ. అవతల రొమానే కాంటీ అనే 1.8 హెక్టార్ల ద్రాక్షతోట, అంటే మన లెక్కలో నాలుగున్నర ఎకరాలు. ఆ తోట పండ్లతో 1945లో చేసిన వైన్ సీసా ఒకటి 2018లో న్యూయార్క్ వేలంలో 5,58,000 డాలర్లు పలికింది. అప్పటి మారకంలో నాలుగు కోట్ల రూపాయల పైమాటే. వచ్చే జనాన్ని చూసి యజమానులు, దయచేసి రోడ్డు మీదే ఉండండి, తోటలో అడుగు పెట్టకండి అని మర్యాదగా బోర్డు పెట్టారు. మావాడు బుద్ధిగా రోడ్డు మీదే నిలబడ్డాడు. అక్కడ ఇంకా ఎండ ఉందట. రాత్రి ఎనిమిదింటికి ఎండ కాయడం కూడా ఆ దేశపు సంస్కారమేనన్నట్టు చెప్పాడు.

పావుగంట మాట్లాడాడు. సున్నపురాయి గురించి, వాలు గురించి, పొద్దుటి ఎండ ఏ వరుస మీద ముందు పడుతుందో దాని గురించి. నేను ఊ కొడుతూ నిద్రలోకి జారుతుండగా చివర్లో ఒక మాట అన్నాడు. "ఇక్కడివాళ్లకు నేలంటే ప్రాణంరా. మనవాళ్లకు నేల విలువ తెలియదు."

నిద్ర ఎగిరిపోయింది. ఆ మాట సంగతి తర్వాత తేలుస్తాను. ముందు మా మిత్రమండలిని పరిచయం చేయాలి.

మేము ఐదుగురం. ఒకరు డాక్టరు, ఒకరు చార్టర్డ్ అకౌంటెంటు, ఒకరు బ్యాంకులో పెద్ద పదవి చేసి రిటైరైనవాడు, ఒకరు పై గోడ మిత్రుడు, ఐదోవాణ్ని నేను. నలభై ఏళ్ల కిందట ఒకే హాస్టల్లో ఒకే నీళ్ల సాంబారు తిని పెరిగాం. మంచినీళ్లు, టీ, మజ్జిగ, పరీక్షలయ్యాక ఇంకొకటి, అన్నీ ఒకే స్టీలు గ్లాసులో తాగాం. వైన్ అంటే మాకు తెలియదు. తెలుగు ఊళ్లలో వీధి వీధికీ 'వైన్స్' అని బోర్డు ఉంటుంది గానీ, అక్కడ వైన్ అడిగినవాణ్ని కౌంటరు మనిషి జాలిగా చూస్తాడు. పై అరలోంచి సీసా దించి, దుమ్ము తుడిచి, "ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేదా?" అని అడుగుతాడు.

జబ్బు మాకు కాలిఫోర్నియా నుంచి వచ్చింది. బ్యాంకు మిత్రుడు మనవణ్ని చూసుకోవడానికి ఆరు నెలలు ఫ్రీమాంట్ వెళ్లాడు. అలా వెళ్లిన మనవాళ్లు గోల్డెన్ గేట్ వంతెన, లివర్‌మోర్ గుడి చూసి క్షేమంగా తిరిగి వస్తారు. (ఆ లివర్‌మోర్ చుట్టూ కూడా ద్రాక్షతోటలే, కానీ దేవుడు అడ్డుపడి కాపాడుతుంటాడు.) వీణ్ని మాత్రం కొడుకు ఒక ఆదివారం వైన్‌కు పేరుపడ్డ నాపా లోయకు తీసుకెళ్లాడు. తిరిగొచ్చినప్పుడు పెట్టెలో చాక్లెట్లు లేవు, నొప్పుల మందు లేదు. బుడగల కాగితంలో చుట్టిన గ్లాసులున్నాయి. బర్గండీకి బానపొట్ట గ్లాసు, ఫ్రాన్సులోనే ఇంకో వైన్ సీమ బోర్డోకు పొడుగు గ్లాసు, తెల్లదానికి ఇంకొకటి, నురగదానికి మరొకటి. నాలుగు పానీయాలను ఒక్క గ్లాసుతో గడిపినవాళ్లం, ఒక్క పానీయానికి నాలుగు గ్లాసుల వాళ్లమయ్యాం.

ఆనాటి నుంచి మా స్నేహం శ్రావణమాసపు పేరంటమైపోయింది. ఇస్తినమ్మ వాయనం, పుచ్చుకుంటినమ్మ వాయనం. శనగలకు బదులు చిట్కాలు. "నాపాకు శనివారం పోవద్దు. మంగళవారం పో. 29వ నంబరు రహదారి ఎక్కితే ఇరుక్కుపోతావు, సిల్వరాడో ట్రెయిల్ పట్టుకో" అని బ్యాంకు మిత్రుడు వాయనం ఇస్తాడు. అకౌంటెంటు కొంగు పట్టి పుచ్చుకుంటాడు. ఆయనకు అమెరికా వీసా లేదు. అయినా పుచ్చుకున్నాక తిరిగి ఇవ్వాలి కాబట్టి ఎక్కడో చదివి ఇంకో చిట్కా ఇస్తాడు. ఎవరైనా పొరపాటున మన దేశంలోనే వైన్ చేసే నాసిక్ పేరెత్తితే అందరూ ఒక నిమిషం మౌనం పాటిస్తారు.

డాక్టరుకు బర్గండీలోని బోన్ అనే ఊరంటే భక్తి. అక్కడ 1443లో స్థాపించిన ధర్మాసుపత్రి ఉంది. దాతలు దానికి ద్రాక్షతోటలు రాసిచ్చారు. ఆ తోటల వైన్‌ను ఏటా నవంబరు మూడో ఆదివారం వేలం వేసి, ఆ సొమ్మును ధర్మానికి వాడతారు. "ఆ వారం హోటల్లో గది దొరకదు, ఏడాది ముందే చెప్పుకోవాలి. ఆసుపత్రి అంటే అలా ఉండాలిరా" అంటాడు, కళ్లు తుడుచుకుంటూ. అకౌంటెంటు బావమరిదికి పిత్తాశయం తీసినప్పుడు బిల్లులో ఒక్క రూపాయి తగ్గించని మహానుభావుడు.

ఈ వాయనాల మధ్య మామూలు మాటలు మాయమయ్యాయి. మోకాలి నొప్పి తగ్గిందా, అమ్మాయి సంబంధం ఏమైంది, అని అడిగే నాథుడు లేడు. ఒకరోజు నాకు చక్కెర పెరిగిందని చెప్పాను. "డ్రై వైన్‌లో చక్కెర ఉండదు" అన్నాడు బ్యాంకు మిత్రుడు. అది ఓదార్పు అని అతని ఉద్దేశం.

మన అలంకారికులు కవిత్వానికి పాకాలు చెప్పారు. నోట్లో వేసుకోగానే రసం ఊరితే ద్రాక్షాపాకం. కాస్త తొక్క తీసే పని ఉంటే కదళీపాకం. పీచు పీకి, చిప్ప పగలగొట్టి, అప్పటికీ ఓపిక మిగిలితే రుచి చూడాల్సింది నారికేళపాకం. సాక్షాత్తు ద్రాక్షపండును తీసుకెళ్లి నారికేళపాకంలో పడేసిన ఘనత మా మిత్రులది. అందని ద్రాక్ష పుల్లన అని మీరు నన్ను వెక్కిరించవచ్చు. అయ్యా, అందింది. పుల్లగానే ఉంది.

ఆ అందిన రోజు సంగతి చెప్పి తీరాలి.

కొండాపూర్‌లో బ్యాంకు మిత్రుడి ఫ్లాటు. 2005 బోర్డో సీసా. ఆ ఏడు అక్కడ పంట దివ్యంగా పండిందని మాకు ముందే పాఠం అయింది. సీసా తెరిచి, హంస మెడలాంటి గాజు కూజాలోకి వంచారు. గంటసేపు అది ఊపిరి పీల్చుకోవాలట. దానికి హాయిగా ఉండాలని ఏసీ పద్దెనిమిదిలో పెట్టారు. అకౌంటెంటు ఎక్కడో సన్మానంలో కప్పిన శాలువా అడిగి తెచ్చుకుని కప్పుకున్నాడు. పకోడీలు నిషేధం, ఉల్లి వాసన అడ్డం వస్తుంది. మనిషికి ఐదు ఉప్పు బిస్కట్లు, అగ్గిపెట్టెంత చీజు ముక్క. గంట గడిచింది. సీసా ఊపిరి పీల్చుకుంది, మేము బిగబట్టుకున్నాం.

పోశారు. తిప్పారు. ముక్కులు గ్లాసుల్లో దూర్చారు.

"తడిసిన అడవి" అన్నాడు డాక్టరు, చాలాసేపటికి పైకి తేలి.

"గుర్రపు జీను" అన్నాడు బ్యాంకు మిత్రుడు. వాడు జన్మలో గుర్రాన్ని దగ్గర నుంచి చూసింది పెళ్లి ఊరేగింపుల్లోనే. అప్పుడు కూడా జీను మీద పెళ్లికొడుకు కూర్చుని ఉన్నాడు.

"పెన్సిలు చెక్కిన పొట్టు" అన్నాడు అకౌంటెంటు. ఈ ఒక్కటి నమ్మాను. ఆ మనిషి నిజంగా చెక్కాడు.

గోడ మిత్రుడు కళ్లు మూసుకుని నిమిషం పాటు ఏమీ అనలేదు. తర్వాత "నేల" అన్నాడు. అందరూ తలలు వంచారు.

నా వంతు వచ్చింది. వాసన చూశాను. మళ్లీ చూశాను. మా నాన్నకు బియ్యం కొట్టు ఉండేది. బడి నుంచి వచ్చి బస్తాల మీద కూర్చుని ఎక్కాలు చదివినవాణ్ని. ముసురు పట్టినప్పుడు అడుగు వరుస బస్తాలు చెమ్మ పీల్చుకునేవి. ఆ వాసన నిద్రలో లేపి అడిగినా చెబుతాను. "గోనెసంచి" అన్నాను. "తడిసి ఆరని గోనెసంచి."

ఇంట్లో చావు కబురు తెచ్చినవాణ్ని చూసినట్టు చూశారు. బ్యాంకు మిత్రుడు నా భుజం మీద చెయ్యి వేసి, "తప్పు నీది కాదు. ముక్కుకు శిక్షణ కావాలి" అన్నాడు. నాకు ఇంకో అరగంట శిక్షణ ఇస్తూ రెండో విడత పోసుకున్నారు. అడవి మరింత తడిసింది. గుర్రం మరింత దగ్గరికి వచ్చింది.

అప్పుడు ఆ ఇంటి కోడలు డ్యూటీ నుంచి వచ్చింది. హోటల్ మేనేజ్‌మెంట్ చదివి, పెద్ద హోటల్లో పని చేస్తోంది. బ్యాగు పక్కన పెట్టి, మామగారి గ్లాసు తీసుకుని ఒక్కసారి వాసన చూసి, బల్ల మీద పెట్టేసింది. "మామయ్యా, ఇది పాడైపోయిందండీ. కార్కు పట్టింది. తడిసిన గోనెసంచి వాసన రావడం లేదూ?"

ఎవరూ నా వైపు చూడలేదు. నేను ఒక్కొక్కరి వైపూ తీరిగ్గా చూశాను.

ఆ అమ్మాయి వివరించింది. బిరడాలో చేరిన బూజు వల్ల ట్రైక్లోరోఅనిసోల్ అనే పదార్థం పుడుతుందట. లీటరులో గ్రాములో వందకోట్లో వంతుకు కొన్ని రెట్లున్నా చాలు, వైన్ మొత్తం చెమ్మ వాసన కొడుతుందట. మంచి హోటళ్లలో అలాంటి సీసా వెనక్కి ఇచ్చేస్తారట. మేము సగం తాగేశాం.

"నాకు మొదట్లోనే అనుమానం వచ్చింది" అన్నాడు డాక్టరు. "జీనులోనే ఏదో తేడా ఉంది" అన్నాడు బ్యాంకు మిత్రుడు. అకౌంటెంటు శాలువా సర్దుకుని లాభం తేల్చాడు. "పాడైందంటే అసలు సరుకే అన్నమాట. నకిలీదైతే ఎందుకు పాడవుతుంది?" దాంతో అందరి ముఖాలూ వెలిగాయి.

పాపం, నకిలీల కథ ఆయనకు తెలియదు. రూడీ కుర్నియావాన్ అనే ఇండోనేషియా యువకుడు లాస్ ఏంజెలెస్‌లో ఇలాంటి మిత్రమండలిలోనే చేరాడు. రొమానే కాంటీ మీద అతని ప్రేమ చూసి స్నేహితులు డాక్టర్ కాంటీ అని ముద్దుపేరు పెట్టారు. విందు ముగిశాక ఖాళీ సీసాలు తనకు పంపమనేవాడు. జ్ఞాపకార్థం అనుకున్నారు. ఇంట్లో పాత సీసాల్లోకి తన సొంత మిశ్రమాలు నింపి, కొత్త లేబుళ్లు అంటించి, ఆ స్నేహితుల లోకానికే కోట్లకు అమ్మాడు. 2008లో అతని సరుకు వేలానికి వచ్చినప్పుడు అందులో బర్గండీలో వైన్ చేసే పొన్సో కుటుంబం పేరుతో, క్లో సాన్ దెనీ అనే తోటదంటూ 1945 నాటి సీసా ఉంది. ఆ కుటుంబం ఆ తోట వైన్ చేయడం మొదలుపెట్టింది 1980లలో! పొన్సో గారు స్వయంగా న్యూయార్క్ వచ్చి తమ పేరున్న సీసాలను వేలం నుంచి తీయించారు. 2014లో రూడీకి పదేళ్ల జైలుశిక్ష పడింది. అన్నేళ్లు కళ్లు మూసుకుని ఆస్వాదించిన నాలుకలలో చాలావాటికి ఏ తేడా తెలియలేదు. అతన్ని పట్టించింది తారీఖు. నన్నడిగితే ఆ గుంపులో నిజంగా రుచి తెలిసినవాడు రూడీ ఒక్కడే. కలపాలంటే తెలియాలి కదా.

ఇక ఇంతవరకూ నవ్వాను. ఇప్పుడు ఆ ఫోనులో మాటకు వస్తాను.

మనవాళ్లకు నేల విలువ తెలియదట.

ఈ గోడ మిత్రుడి తండ్రిది మేడ్చల్ వైపు ద్రాక్షతోట. ఐదెకరాలు. రొమానే కాంటీ కంటే అర ఎకరం ఎక్కువే. హైదరాబాదు చుట్టూ అప్పుడు ఎటు చూసినా అనాబ్-ఎ-షాహీ పందిళ్లు. పేరుకు తగ్గ రాచద్రాక్ష, పొడవాటి కాయ, పలుచని తోలు. మార్చిలో హాస్టల్ నుంచి ఐదుగురమూ బస్సు దిగి వెళ్లేవాళ్లం. పందిరి కింద వంగి నడుస్తూ ఆ పెద్దాయన ఒక్కో గుత్తి దగ్గర ఆగి, అన్నిటికంటే కింద, కొసన ఉన్న పండును తుంచి నోట్లో వేసుకునేవాడు. కొసపండు చివరన పండుతుంది. అది తీపెక్కితే గుత్తి మొత్తం తయారైనట్టే. తిప్పడం లేదు, ఊపిరి పీల్చుకోవడం లేదు. ఒక్క పండు. "కోయొచ్చు" లేదా "నాలుగు రోజులాగాలి." అంతే.

ఆ మనిషికి నేల విలువ తెలియదా? ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి తీగ తీగనూ చేత్తో కత్తిరించినవాడికి? రాత్రి రెండింటికి కరెంటు వస్తే టార్చిలైటు పట్టుకుని మోటారు వేయడానికి పరిగెత్తినవాడికి? బోరు ఎండితే ఇంకో బోరు, అదీ ఎండితే మరొకటి, అప్పు మీద అప్పు చేసి నేలను పొడిచి పొడిచి నీళ్లడిగినవాడికి? అమ్మినందుకు నాకు కోపం లేదు. అందరూ అమ్మారు. అక్కడ ఇప్పుడు గజాల లెక్కన ప్లాట్లు, ముఖద్వారం మీద సిమెంటు ద్రాక్షగుత్తి. 2015లో యునెస్కో బర్గండీ మడులను ప్రపంచ వారసత్వం అంది, చాలా సంతోషం. కానీ సొంత తండ్రి మడిని అమ్మిన డబ్బుతో టికెట్టు కొనుక్కుని, పరాయివాడి గోడ పట్టుకుని ఏడుస్తూ, మనవాళ్లకు నేల విలువ తెలియదంటావా? సిగ్గు లేదూ? ఆయన పోయి పదకొండేళ్లు. ఈ పదకొండేళ్లలో సీసా తెరిచిన ఏ సాయంత్రమూ ఆయన పేరు నీ నోట వినలేదు నేను.

ఇదంతా ఫోనులో అనలేదు. అర్ధరాత్రి, మా ఆవిడ వింటోంది. ఒక్కటే అడిగాను.

"ఒరేయ్, మీ నాన్న గుత్తిలో ఏ పండు రుచి చూసేవాడో గుర్తుందా?"

అవతల చాలాసేపు మాట లేదు. ఎక్కడో కారు వెళ్లిన చప్పుడు, ఎవరో ఫ్రెంచిలో నవ్వడం వినిపించాయి. లైను పోయిందేమో అనుకున్నాను.

"కొసపండు" అన్నాడు.

ఇద్దరం ఇంకాసేపు ఫోను అలాగే పట్టుకున్నాం.

"సరేరా, పడుకో" అన్నాడు చివరికి. "ఎప్పుడైనా ఇటు వస్తే మాత్రం బండి ఊళ్లోనే పెట్టి నడిచి రా. గోడ దగ్గర ఆపడానికి చోటు ఉండదు."