పీడీఎఫ్ గారికి ఓ మనవి: 86వ పేజీ ఎక్కడ?

మహారాజశ్రీ ఉచిత పీడీఎఫ్ గారి దివ్యసముఖమునకు,

నమస్కారములు. నిన్న మధ్యాహ్నం మా చుట్టాల వాట్సాప్ గ్రూపులోకి తమరు నా కథల పుస్తకం వేషంలో వేంచేశారు. 'మనవాడి పుస్తకం, ఫ్రీ, అందరికీ షేర్ చేయండి' అని కింద మామయ్య వరసాయన రాశాడు. ఇంకేముంది, దండాలు, చప్పట్లు, గులాబీలు. ఫోన్ చేసి మరీ అభినందించినవాళ్లున్నారు.

నేనేమీ బెస్ట్‌సెల్లర్‌ని కాను. కోఠీ ఫుట్‌పాత్ మీద నకిలీ కాపీగా పడుండాలన్నా కోటీశ్వరుడయ్యే కిటుకులు ఇంగ్లీషులో చెప్పి ఉండాలి. అచ్చు అలుక్కుపోయినా ఎగబడి కొంటారు. ఆ లెక్కన దొంగతనానికి నోచుకోవడమే నాకు దక్కిన సన్మానం. మాబోటివాళ్లకి ముద్రణ అంటే 500 కాపీలు. 150 రూపాయల పుస్తకంలో సగానికి దగ్గరగా అమ్మిపెట్టినవాళ్ల కమీషన్‌కే సరి. మిగిలిన కట్టలు మంచం కింద ఉన్నాయి. చీపురు పట్టినప్పుడల్లా మా ఆవిడ నాకు సాహిత్య విమర్శ వినిపిస్తుంటుంది.

'సాహిత్యం అందరి సొత్తు కదా' అని ఒక బావ సెలవిచ్చాడు. అవును, రచయిత పోయిన 60 ఏళ్లకి. గురజాడ 1915లో పోయారు, ఆయన అందరివాడే. శ్రీశ్రీ పోయింది 1983లో, 2043 ముగిసేదాకా ఆగాలి. నేనింకా పోనే లేదు బావా! కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ కింద ఆర్నెల్ల నుంచి మూడేళ్ల దాకా జైలుంది, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా ఉంది. మామయ్యని లోపల వేయించి, రేపు పెళ్లిళ్లలో ఏ మొహం పెట్టుకుని బంతిలో కూర్చోను?

సరే, ఇవన్నీ దిగమింగాను. దిగనిది వేరే ఉంది.

తమరిని అట్ట నుంచి అట్ట దాకా చూశాను. 43వ పేజీలో ఎవరిదో బొటనవేలు, గోరు మీద సగం పోయిన గోరింటాకుతో సహా పడింది. 85 తర్వాత నేరుగా 88. స్కాన్ చేసిన మహాతల్లి రెండు కాగితాలు కలిపి తిప్పేసింది. కథలో తల్లి ఊరొదిలి వెళ్లిపోయేది ఆ 86, 87 పేజీల్లోనే. అవి లేకపోతే 88లో ఇల్లెందుకు ఖాళీగా ఉందో బ్రహ్మదేవుడికీ అర్థం కాదు. గ్రూపులో 200 మంది. ఒక్కరంటే ఒక్కరు 'మధ్యలో ఏదో పోయినట్టుందే' అనలేదు. పైగా ఓ పిన్నిగారు 'చదువుతుంటే కళ్లు చెమర్చాయి నాయనా' అని రాశారు. ఏ పేజీ దగ్గర పిన్నీ?

అద్దె పుస్తకాల షాపుల కాలంలో డిటెక్టివ్ నవల ఆఖరి పేజీ చిరిగిపోతే షాపువాడి పని అయిపోయేది. అద్దె వెనక్కివ్వు, లేదా హంతకుడెవరో నువ్వే చెప్పు అని గుమ్మం ముందు కూర్చునేవాళ్లు. ఆ జనమూ పుస్తకాలు కొనలేదు, ఒప్పుకుంటాను. అట్టలు చింపారు, అంచుల్లో పిచ్చిరాతలు రాశారు, హీరో చస్తాడని మూడో పేజీలోనే రాసిపెట్టిన దుర్మార్గులూ ఉన్నారు. కానీ చదివారు మహాప్రభో!

తమరి భక్తులో? 'తెలుగు సాహిత్యం 12 జీబీ' అని ఫోల్డరు. ఆ ఫోల్డరుని పాత ఫోన్లోంచి కొత్త ఫోన్లోకి ఎక్కించినందుకు షాపువాడికి 300 ఇచ్చాడు మా బావ. ఆ డబ్బుకి నా పుస్తకాలు రెండొచ్చేవి! ఎత్తుకెళ్లినవాడు విప్పి కూడా చూడకపోతే, ఎందుకయ్యా ఎత్తుకెళ్లడం? దొంగతనమైనా శ్రద్ధగా చేసి చావొచ్చు కదా!

తమరి దారికి అడ్డం రాను, వచ్చినా ఆగరు. ఒక్క ఉపకారం చేయండి. తిరిగే గ్రూపుల్లో ఎక్కడైనా, ఎవరైనా, '86వ పేజీ ఏదండీ' అని అడిగితే వాళ్ల అడ్రసు నాకు పంపండి. పుస్తకం ఉచితం, పోస్టు ఖర్చులు నావి. మామయ్యకి మాత్రం 150కి పైసా తగ్గదు.

ఇట్లు,
85 నుంచి 88కి దూకిన రచయిత